బ్రైడీకి అమెరికా భోజనం

వంట విషయంలో మార్తాని ఎవరైనా ఒక్క మాటంటే ఊరుకునేది కాదు. ఐర్లండులో పోర్ట్‌లీష్ ఊరి తెలుగు ఫెలోషిప్‌లో క్రిస్మస్ విందుకి నూటయాభై మందికి బిర్యానీ దించే చెయ్యి ఆమెది. ఒక ఏడాది ఎవరో అన్నం కాస్త పలుకుగా ఉందన్నారు. మార్తా ఆ అన్న మనిషిని వంటగదిలోకి తీసుకెళ్లి, డేగిసా మూత తీసి, గరిటె చేతికిచ్చి, పలుకెక్కడుందో చూపించమంది. ఆ మనిషి సాక్షాత్తూ అబ్రహాము పాస్టరు గారు. అప్పట్నుంచీ ఆయన వంట చేసిన చేతుల్ని దీవించమని ప్రార్థిస్తారే తప్ప అన్నం సంగతి ఎత్తరు.

ఇదంతా ఇంట్లోనూ ఫెలోషిప్‌లోనూ. ఉద్యోగంలోకి అడుగుపెట్టేసరికి మార్తా వేరే మనిషి అయిపోయేది. గుంటూరులో నర్సింగ్ చదివి, తొమ్మిదేళ్లు వార్డులు నడిపి, డాక్టర్లకే సలహాలు చెప్పిన మనిషి ఐర్లండు వచ్చాక నర్సు రిజిస్ట్రేషన్ కోసం ఎదురుచూస్తూ, పెద్దవాళ్ల పనులు చూసే కేరర్‌గా చేరింది. సారీ, నో ప్రాబ్లెమ్, గ్రాండ్. ఈ మూడు మాటల మీద మూడేళ్లు నెట్టుకొచ్చింది. పర్మిట్ కాగితాల మీద బతికేవాళ్లు కోపాన్ని కోటుతో పాటు లాకర్లో పెట్టి డ్యూటీ ఎక్కాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు, తనే తెలుసుకుంది.

ఆమె పనిచేసేది ఊరి చివర ఒక నర్సింగ్ హోమ్‌లో. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే కాన్పులయ్యే చోటు. ఇక్కడ అలా కాదు, పెద్దవయసు వాళ్లు చివరిదాకా ఉండే చోటు. ముప్ఫై తొమ్మిది మంది ఉండేవాళ్లు. కరోనా వచ్చిన ఆ ఏప్రిల్‌లో అయిదుగురు అంబులెన్సు ఎక్కారు, ఒక్కరూ తిరిగి రాలేదు. జూన్ వచ్చేసరికి ముప్ఫై నలుగురు, మాస్కుల వెనక ఎవరెవరో ఒకళ్లకొకళ్లు ఆనవాలు దొరకని సిబ్బంది, కిటికీ అద్దాల అవతల నిలబడి చేతులూపే చుట్టాలు మిగిలారు.

జూన్ మొదటి వారంలో వంటాయనకి పాజిటివ్ వచ్చి ఇంట్లో పడ్డాడు. మారు మనిషి దొరకలేదు. హోమ్ నడిపే నోరీన్ సిబ్బందినంతా నిలబెట్టి, మీలో ఎక్కువమందికి వండిన అనుభవం ఎవరికుందని అడిగింది. మార్తా చెయ్యి దానంతటదే లేచింది. మర్నాటి నుంచి ఆమె వంటగదిలో ఉంది. వంటాయన రాసిపెట్టిన వారం మెనూ గోడమీద ఉంది. అన్నిరోజులూ బంగాళాదుంపే. ఉడికించింది, మెదిపింది, కాల్చింది అన్న తేడా తప్ప ఇంకేం లేదు.

అంతా తింటున్నారు, బ్రైడీ డెలానీ తప్ప.

బ్రైడీకి ఎనభై ఆరేళ్లు. పిట్టంత మనిషి, నోరు మాత్రం ఊరంత. వయసులో ఉన్నప్పుడు చికాగో పోయి, అక్కడ ఒక స్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్లు పిల్లలకి మధ్యాహ్న భోజనం వండింది. వండే బృందానికి పెద్ద తనే. రిటైరయ్యాక సొంత జిల్లాకి వచ్చేసింది. పెళ్లిలేదు, పిల్లల్లేరు. ఉన్న ఒక్క స్నేహితురాలు నూలా, ఈ హోమ్‌లోనే దొరికింది. ఇద్దరూ కిటికీ పక్క టేబుల్ దగ్గర కూర్చుని మూడుపూటలా కీచులాడుకునేవాళ్లు. ఏప్రిల్‌లో అంబులెన్సు ఎక్కిన అయిదుగురిలో నూలా ఒకతి. ఆ తర్వాత డైనింగ్ హాలు మూసేశారు, భోజనం ఎవరి గదికి వాళ్లకి ట్రేలో వెళ్లేది. బ్రైడీ మూత తీసి చూడ్డం, మళ్లీ మూత పెట్టెయ్యడం. మార్చిలో నలభై ఏడు కిలోలున్న మనిషి జూన్ రెండో వారానికి నలభై ఒకటికి వచ్చేసింది.

జీపీ, అంటే హోమ్‌ని చూసే ఊరి డాక్టరు, ఫోన్లో నోరీన్‌తో మాట్లాడాడు. ప్రతి సోమవారం బరువు చూడండి, నలభైకి దిగితే ఆసుపత్రికి పంపి ముక్కులోంచి గొట్టం వేయించాల్సిందే అన్నాడు. స్పీకర్లో పెట్టి మాట్లాడిందేమో, మంచం మీదున్న బ్రైడీ మొత్తం వింది. ఆ సాయంత్రం దుప్పటి సర్దడానికి వెళ్లిన మార్తా మణికట్టుని బ్రైడీ పట్టుకుంది.

"నన్ను ఆ బండి ఎక్కించనివ్వకు," అంది.

"నో ప్రాబ్లెమ్," అంది మార్తా. అలవాటు మీద వచ్చిన మాట అది. నడవాలో నాలుగడుగులు వేశాక, తనేం మాటిచ్చిందో అర్థమై కాళ్లు ఆగిపోయాయి. తొమ్మిదేళ్ల సర్వీసులో ఏ పేషెంటుకీ అలాంటి మాట ఇవ్వలేదు. ఇచ్చింది గనక ఇక నిలబెట్టుకోవాలి, అంతే.

ఆలోచన నోరీన్‌ది. ముప్ఫై ఒక్క ఏళ్లు అమెరికా తిండి వండిన మనిషి గదా, ఆ తిండే పెట్టి చూద్దాం, జులై నాలుగు అమెరికా స్వాతంత్ర్య దినం గనక ఆ రోజు అందరికీ అమెరికా భోజనం కూడా పెడదాం, చూడగానే అమెరికా అనిపించే వంటకాలు నువ్వే ఎంచు అంది. మార్తా మళ్లీ నో ప్రాబ్లెమ్ అంది.

ఇంటికి వెళ్లేదాకా ఆమెకి పెద్ద అనుమానమేం లేదు. అమెరికా వంటకం ఒకటి ఆమెకి బాగా తెలుసు. ఇరవై ఏళ్ల కిందట, నిశ్చితార్థం అయిన వారానికి, యోనా ఆమెని విజయవాడలో ఏసీ రెస్టారెంటుకి తీసుకెళ్లి, మెనూ కార్డంతా చదివి, దర్జాగా అమెరికన్ చాప్సీ తెమ్మన్నాడు. కరకరలాడే నూడుల్స్, మీద ఎర్రగా తియ్యటి గ్రేవీ, దాని నెత్తిన ఒక ఆమ్లెట్టు. అమెరికావాళ్లు ఇంత బాగా తింటారా అని ఆ రోజు మార్తా ఆశ్చర్యపోయింది. యోనాని చేసుకోవడానికి పూర్తిగా మనసొప్పింది కూడా ఆ రోజే.

యోనాని అడిగితే ఆయనకీ సందేహం లేదు. మెనూ మీద అచ్చువేసి మరీ అమెరికన్ అని రాసి ఉంటే ఇంక అనుమానమెందుకన్నాడు. దానికి తోడు బస్టాండులో కప్పుల్లో అమ్మే అమెరికన్ కార్న్ ఉండనే ఉందని గుర్తు చేశాడు. మొక్కజొన్న గింజలు ఉడికించి, వెన్న, కారం, నిమ్మరసం కలిపేది. పన్నెండేళ్ల కూతురు నిస్సీ ఫోన్లోంచి తలెత్తకుండా, "మామ్, దట్స్ నాట్ ఈవెన్ అ థింగ్," అంది. ఐర్లండు స్కూల్లో చదివే పిల్లకి విజయవాడ సంగతులేం తెలుస్తాయని తల్లీ తండ్రీ ఆ మాట పట్టించుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం మార్తా స్వయంగా ట్రే తీసుకెళ్లింది. మూత తీసింది. బ్రైడీ చాలాసేపు ఆమ్లెట్టు వంక చూసింది.

"ఏంటిది?"

"అమెరికన్ చాప్సీ, మేడమ్. ఇది అమెరికన్ కార్న్."

"అమెరికాలో ఎక్కడిది?"

మార్తా కాస్త తడబడి, అంతటా ఉంటుందని చెప్పింది.

బ్రైడీ దిండు మీంచి లేచి కూర్చుంది. ఫోర్కు అందుకుంది. ఆమ్లెట్టు తుంచి నోట్లో పెట్టుకుని, నూడుల్స్ మీద గుడ్డు కప్పిన మనిషిని తను ఎరగనంది. ఇంకో ముక్క తిని, ఎక్కడైనా గుడ్డు కిందుంటుంది గానీ నెత్తినెక్కుతుందా అంది. నూడుల్స్ కొరికి, వీటిని ఉడికించడం మర్చిపోయారా అంది. గ్రేవీ చెంచాడు తాగి, ఇది కెచప్ అంది, ఇంకో చెంచా తాగి, నిజంగా కెచప్పే అంది. చాప్సీ అంటే చికాగోలో చైనావాళ్ల కొట్లో దొరికేదనీ, అది ఇది కాదనీ, ఇది ఏ దేశానిదో ఆ దేశం కూడా ఒప్పుకోదనీ అంది. మొక్కజొన్నలో కారం తగలగానే కళ్లమ్మట నీళ్లొచ్చాయి, అయినా కప్పు అడుగు దాకా వెళ్లి, అడుగున ఇంకా ఎక్కువుందని నిరూపించింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో తన దగ్గర పనిచేసిన ఏ మనిషైనా ఈ పని చేసుంటే ఏప్రన్ విప్పించి పంపేసేదాన్నని తేల్చింది. మార్తా ప్రతిదానికీ సారీ అంది. మొత్తం పదిహేడు సారీలయ్యాయి.

తలకొట్టేసినట్టయి ట్రే తీసుకుని బయటికొచ్చింది. ఫెలోషిప్‌లో ఎవరైనా ఇందులో సగం అనుంటే ఏం జరిగేదో దేవుడికే తెలుసు. సింకు దగ్గరికి వచ్చాక గాని చూడలేదు, పళ్లెం ఖాళీ, కప్పూ ఖాళీ. సోమవారం కాటా నలభై ఒకటిన్నర చూపించింది.

మార్తా బుర్ర చురుకైనదే, ఆ రోజు మాత్రం తప్పుదారి పట్టింది. తప్పుగా వండిన అమెరికా తిండికే ఇంత ఫలితముంటే, సరిగ్గా వండితే ఇంకెంత ఉంటుందో అనుకుంది. అసలైన వంటకాలు ఏవో కనుక్కుందామని అమెరికాలో ఉన్న తనవాళ్లకి ఫోన్లు కలిపింది.

మొదట నర్సింగ్‌లో తనతో చదివిన కోటేశ్వరి, డాలస్‌లో ఉంటుంది. అమెరికావాళ్లు ఏం తింటారే అని అడిగింది. కోటేశ్వరి, పదమూడేళ్లలో ఈ ప్రశ్న తనకెప్పుడూ రాలేదంది. "పొద్దున్నే ఇడ్లీలు, సాయంత్రం పప్పు, శుక్రవారం మా ఆయన థాయ్ తెస్తాడే. అమెరికావాళ్లు ఏం తింటారో వాళ్లనే అడగాలి," అంది. పక్కింట్లో అమెరికావాళ్లు లేరా అంటే, పక్కింటివాళ్లది ఖమ్మమంది.

తర్వాత న్యూజెర్సీలో ఉన్న బావగారు, యోనా వాళ్లన్నయ్య జయకుమార్. ఆయనకి తెలియని విషయం ఉండదు, ఉన్నా ఒప్పుకోడు. అమెరికా వంట అంటే బార్బెక్యూ అన్నాడు. రాష్ట్రానికో రకం ఉంటుందంటూ పద్నాలుగు పేర్లు చెప్పాడు. బర్గరు జర్మనీదనీ, హాట్‌డాగూ అక్కడిదేననీ, పిజ్జా ఇటలీదనీ తీసి పక్కన పెట్టాడు. ఇందులో మీరు ఎన్ని తిన్నారు బావగారూ అని మార్తా వినయంగానే అడిగింది. జవాబు ఆయన భార్య ఆమని ఇచ్చింది. "ఏం తింటాడు మార్తా, గోంగూర లేకపోతే ముద్ద దిగదు. ఆఫీసు పార్టీకెళ్లినా ఇంటికొచ్చి పెరుగన్నం తింటాడు. మా పిల్లల స్కూల్లో పెట్టేది చెప్తా రాసుకో," అని మూడు పేర్లు చెప్పింది. మాకరోనీ చీజ్. మీట్‌లోఫ్, అంటే కీమాని రొట్టెలా అచ్చుపోసి ఓవెన్లో కాల్చేది. ఆపిల్ పై, అంటే ఆపిల్ ముక్కల్ని పిండి పొరలో పెట్టి కాల్చేది.

బ్రైడీ వండింది స్కూలుకే గనక మార్తా ఆ మూడూ ఖాయం చేసుకుంది. ఇంట్లో తొమ్మిది రోజులు అవే. వీడియోలు చూసింది, కొలతలు గోడమీద అంటించింది, చీజ్ సాస్ ఉండకట్టిన ప్రతిసారీ పారబోసి మళ్లీ మొదలెట్టింది. యోనా నోరెత్తకుండా తిన్నాడు. అయిదో రోజు మాత్రం వంటగది అలమర తలుపు తెరిచి, ఆవకాయ జాడీ వంక చూసి మళ్లీ మూసేశాడు. తొమ్మిదో రోజుకి ఆపిల్ పై మీది పిండి పొర పొరలు పొరలుగా విడిచి, లోపల ఆపిల్ ముక్కలు విరక్కుండా మెత్తబడ్డాయి. నిస్సీ కూడా ఒప్పుకుంది.

జూన్ చివరి వారమంతా బ్రైడీకి అవే వెళ్లాయి. మొదటి రోజు మాకరోనీ ఒక చెంచా తీసుకుని కళ్లు మూసుకుంది. మార్తా గుమ్మం దగ్గర నిలబడి చూసింది.

"గ్రాండ్," అంది బ్రైడీ. చెంచా కిందపెట్టి మూత పెట్టేసింది.

మీట్‌లోఫ్ గ్రాండ్. పై గ్రాండ్. ఒక్కో చెంచా, మూత. ఈ దేశంలో గ్రాండ్ అంటే గొప్పగా ఉందని కాదు, ఇంక మాట్లాడేదేం లేదని. ఆ వారాంతానికి కాటా నలభైన్నర.

మార్తా నర్సు గనక గదిలో తలుపు వెనక వేలాడే ఫుడ్ చార్టు తీసి మూడు నెలలవీ ముందేసుకుంది. నూలా ఉన్నన్నాళ్లూ ప్రతిపూటా పూర్తిగా తిన్నట్టుంది. ఆ తర్వాత పావు, పావు, వద్దంది. మధ్యలో చాప్సీ రోజు, పూర్తిగా. గత వారం మళ్లీ ఒక చెంచా, ఒక చెంచా. చాప్సీ నాడు తను పడ్డ తిట్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఈవిడకి కావలసింది అమెరికా కాదు, వంక. వంక పెట్టడానికి దొరికితే తింటుంది, దొరక్కపోతే ఆకలెయ్యదు.

సరే, చెడగొట్టి పెడదామనుకుంది. అనుకున్నంత తేలిక కాలేదు. చక్కగా కుదిరిన సాస్ ముందు దాల్చినచెక్క పొడి డబ్బా పట్టుకుని పావుగంట నిలబడింది. చెయ్యి రాలేదు. చివరికి, ప్రభువా ఇది నా వంటగా లెక్కెయ్యకు అని మనసులో అనుకుని, కళ్లు మూసుకుని ఒక చెంచా వంపేసింది. బ్రైడీ ఆ రోజు సగం పళ్లెం ఖాళీ చేస్తూ ఏకిపారేసింది. మార్తా సంతోషంగా సారీలు చెప్పింది. రెండో రోజు మీట్‌లోఫ్‌లో అల్లం వెల్లుల్లి గుప్పించింది, అదీ సగం అయింది. మూడో రోజు ధైర్యం పెరిగి, ఆపిల్ పైలో ఇంగువ పోపు వేసింది.

బ్రైడీ ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమలడం ఆపింది. పళ్లెం వంక కాదు, మార్తా కళ్లలోకి చూసింది. మాస్కు మీద ఆ రెండే కనబడుతున్నాయి.

"ఇది పొరపాటు కాదు. కావాలని చేశావు."

మార్తా సారీ అంది.

"ముసలిదాన్నయ్యాను గానీ పిచ్చిదాన్ని కాలేదు. తీసుకెళ్లు," అని గోడవైపు తిరిగి పడుకుంది బ్రైడీ. ఆ రాత్రీ తినలేదు, మర్నాడూ తినలేదు. మార్తాకి చాలా సిగ్గేసింది. వంటని అవమానించింది, పెద్దావిడని అవమానించింది, రెండూ ఒకే పళ్లెంలో. సోమవారం దాకా ఆగకుండా శుక్రవారమే బరువు తూస్తే నలభై కిలోల వంద గ్రాములు. సోమవారం పొద్దున జీపీ తనే వస్తానన్నాడు. ఎందుకైనా మంచిదని నోరీన్ బ్రైడీ సంచీ సర్ది తలుపు పక్కన పెట్టించింది. బ్రైడీ ఆ సంచీ వంక చూడకుండా ఉండటానికి కిటికీవైపే తిరిగి కూర్చునేది.

శనివారం జులై నాలుగు. డైనింగ్ హాలు ఆ రోజే తెరిచారు, మనిషికో టేబుల్, టేబుల్‌కీ టేబుల్‌కీ రెండు మీటర్ల దూరం. మార్తా అయిదింటికే వచ్చి మొదలెట్టింది. ఈసారి చిట్కాలేం లేవు. తనకి చేతనైనంత బాగా, ముప్ఫై నాలుగు మందికీ ఒకే వంట. ఒంటిగంటకి మూడూ బల్లల మీదకి వెళ్లాయి. అంతటా చెంచాల చప్పుడు. ఒకాయన రెండోసారి పెట్టించుకున్నాడు. బ్రైడీ కిటికీ పక్క టేబుల్ దగ్గర ఒక్కతే ఉంది, ఎదుటి కుర్చీ తీసేసి ఉంది.

మాకరోనీ ఒక చెంచా. పై ఒక ముక్క. చెంచా కింద పెట్టేసింది.

"గ్రాండ్," అంది.

మార్తాలో ఏదో తెగింది. మూడేళ్లుగా లాకర్లో పెట్టి వస్తున్న కోపం ఆ రోజు ఏప్రన్ కట్టుకుని వచ్చినట్టుంది.

"గ్రాండ్ ఏంటి? గ్రాండ్ అంటే ఏంటి?" అంది. హాలంతా వినబడింది. "తొమ్మిది రోజులు మా ఇంట్లో వాళ్లు దీన్నే తిన్నారు. మా ఆయన అన్నం మొహం చూడలేదు. తప్పుంటే చెప్పండి, లేకపోతే తినండి. ఒక చెంచా తిని మూత పెట్టడం వంట చేసినవాళ్లకి మర్యాద కాదు."

చెంచాల చప్పుడు ఆగిపోయింది. గుమ్మంలో నోరీన్ నిలబడి ఉంది. ఉద్యోగం పోయిందనుకుంది మార్తా. అయినా వెనక్కి తగ్గలేదు.

బ్రైడీ చెంచాతో ఆపిల్ పై అంచు మీద తట్టింది.

"మందం ఎక్కువ," అంది.

"కాదు."

"ఎక్కువే. చికాగోలో దీన్ని వెనక్కి పంపేదాన్ని."

"స్కేలు పెట్టి కొలిచాను. మూడు మిల్లీమీటర్లు. మీరు కావాలనే అంటున్నారు."

బ్రైడీ అంచు విరిచి నోట్లో వేసుకుంది, నిరూపించడానికి. నాలుగన్నా ఉంటుందంది. మార్తా మూడే అంది. బ్రైడీ ఇంకో ముక్క తిని, పోనీ మూడున్నర అంది. మార్తా ఒప్పుకోలేదు. అప్పుడు బ్రైడీ మాకరోనీ మీదకి వెళ్లింది. ఇది అమెరికాకి గుర్తుగా ఎలా ఎంచావు, మాకరోనీ ఇటలీది, మీట్‌లోఫ్ జర్మనీది, పై ఇంగ్లండుది, అమెరికాది ఒక్కటీ లేదీ పళ్లెంలో అని, ఒక్కో పేరుకీ ఒక్కో చెంచా తింది.

"అయితే అమెరికాది ఏదో మీరే చెప్పండి," అంది మార్తా.

"మొక్కజొన్న. అదొక్కటే."

"మొదటి రోజు తెచ్చింది అదేగా? తిట్టి పంపారు."

"అందులో కారం కొట్టావు. అమెరికాలో కారమెక్కడిది?"

గుంటూరు మనిషికి మిరపకాయ సంగతి చెప్పబోవడం ఎంత తప్పో బ్రైడీకి తెలియదు. మిరపకాయ గురించి నిస్సీ స్కూలు పాఠంలో వచ్చిన రోజు మార్తాకి పూర్తిగా గుర్తుంది. ఆ రోజు ఇంట్లో ఎవరూ నమ్మక, పుస్తకం తెప్పించి మరీ చదివించుకున్నారు.

"మిరపకాయ పుట్టిందే అమెరికాలో," అంది. "మా ఊరికి అక్కణ్నుంచే వచ్చింది. టమాటా కూడా. మీ బంగాళాదుంప కూడా అక్కడిదే."

హాల్లో ఒక్కసారిగా గొడవ లేచింది. బంగాళాదుంప అమెరికాదంటే ఐర్లండులో ఎవరు ఊరుకుంటారు? వారం రోజులుగా నోరు తెరవని ఒకాయన కర్రతో నేలమీద కొట్టి, మా లీష్ జిల్లా దుంప లీష్‌దేనన్నాడు. బ్రైడీ అది దక్షిణ అమెరికా అంది. ఏ దిక్కుదైనా అమెరికా అమెరికాయేనంది మార్తా. ఈ లెక్కన మీరు పుట్టినప్పట్నుంచీ తింటోంది అమెరికా భోజనమే, చికాగో దాకా పోవడం దండగ అని కూడా అంది. బ్రైడీ అంత దారుణమైన మాట తన జన్మలో వినలేదంది. అంటూనే మీట్‌లోఫ్ రెండో ముక్క కోసుకుంది. మార్తా నిలబడే ఉంది, బ్రైడీ తింటూనే ఉంది. అరగంట గడిచినా ఎవరూ గెలవలేదు. పళ్లెంలో ఏమీ మిగల్లేదు.

మార్తాకి అప్పుడర్థమైంది. ఈవిడకి కావలసింది చెడ్డ వంట కాదు. అన్న ప్రతి మాటకీ సారీ చెబుతుంటే ఈవిడ ఎవరితో కూర్చుని తిన్నట్టు? మూడు నెలలుగా ఆ గదిలోకి ట్రే తీసుకెళ్లిన ప్రతివాళ్లూ మంచివాళ్లే, మర్యాదగా మాట్లాడినవాళ్లే, ఒక్కరూ ఎదురు చెప్పలేదు. అంత ఒంటరితనం ఏ చార్టులోనూ రాయరు. మార్తాకి కళ్లు చెమర్చాయి. ఏడవడం బ్రైడీ కంటబడకుండా పళ్లేలు తీసేసింది.

నోరీన్ ఆమెని ఆఫీసులోకి పిలిచి తలుపు వేసింది. రెసిడెంట్లతో అలా మాట్లాడకూడదని నియమాల పుస్తకంలో ఉందని చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, రాత్రి భోజనానికి కూడా బ్రైడీ దగ్గరికి నువ్వే వెళ్లు అంది.

ఆదివారం మూడుపూటలా వెళ్లింది మార్తా. పొద్దున్న గంజి విషయంలో, మధ్యాహ్నం క్యాబేజీ ఎంతసేపు ఉడకాలన్న విషయంలో, రాత్రి దేవుడు ఏ భాషలో ప్రార్థన వింటాడన్న విషయంలో పోట్లాట జరిగింది. ఆఖరిదాంట్లో ఇద్దరూ కాస్త హద్దు దాటారు.

సోమవారం పొద్దున జీపీ వచ్చాడు. కూర్చుని తూచే కాటాని మార్తా మంచం దగ్గరికి తోసుకొచ్చింది. బ్రైడీ లేచి, మార్తా చేతిమీద ఆనుకుని, అందులో కూర్చుంది. అంకెలు పైకీ కిందకీ ఆడి నిలబడ్డాయి. నలభై ఒకటి. జీపీ కాగితం మీద రాసుకుని, వచ్చే వారం చూద్దాం, ప్రస్తుతానికి ఎక్కడికీ వెళ్లక్కర్లేదన్నాడు.

"ఈ కాటా తప్పు," అంది బ్రైడీ.

"కాటా సరిగ్గానే ఉంది," అంది మార్తా. "కావాలంటే లేచి మళ్లీ కూర్చోండి."

బ్రైడీ లేచింది, మళ్లీ కూర్చుంది. నలభై ఒకటే. మార్తా ఆమె చెయ్యి పట్టుకుంది, వదల్లేదు. జీపీ వెళ్లిపోయాడు.

"మధ్యాహ్నం ఏం చేస్తున్నావు?" అంది బ్రైడీ.

"ఏం చేస్తే ఏంటి, మీకు నచ్చదుగా."

"అది తిన్నాక చెప్తాను," అంది బ్రైడీ.